వదిలేసిన ముక్క

సంక్రాంతికి నర్సీపట్నంలో మా ఇంటి అరుగు మీద చాప పరిచారంటే రమ్మీ మొదలైనట్టే. డబ్బులుండవు, చింతపిక్కలతోనే లెక్క. ఏడో తరగతిలో మొదటిసారి పెద్దవాళ్లతో ఆడటానికి కూర్చున్నప్పుడు, కళావరు రాజుని చివరిదాకా అట్టిపెట్టుకున్నాను. పక్కన రాణీ లేదు, ఆసూ లేదు. మిగతా రాజులేమో ఎప్పుడో కింద పడిపోయారు. పెద్ద ముక్క కదా, వదలబుద్ధి కాలేదు. ఎదుటివాళ్లు షో చేసేశారు. మావయ్య నా ముక్కలు పరిచి చూసి, "ఈ రాజుని ఏటి చేద్దామని దాచావురా?" అన్నాడు. పది పిక్కలు లెక్కపెట్టి ఇచ్చుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, చింతపల్లి బస్సు లంబసింగి ఘాట్ ఎక్కుతుండగా సిగ్నలు పోయిన ఫోన్లో 'స్లే ద స్పైర్' ఆడుతూ ఓడిపోయినప్పుడు, సరిగ్గా ఆ మాటే చెవిలో పడింది.

ఇలాంటి ఆటల్ని డెక్ బిల్డింగ్ రోగ్‌లైక్‌లు అంటారు. పేరులో రెండు వంశాలున్నాయి. 1980 నాటి 'రోగ్' అనే కంప్యూటర్ ఆటలో నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా అమరుతుంది. చచ్చిపోతే దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది, మళ్లీ మొదటి గది నుంచే నడవాలి. రెండోది 2008లో డొనాల్డ్ వకారినో తయారుచేసిన 'డొమినియన్'. అది బల్ల మీద ఆడే పేక. అందరూ ఒకేలాంటి పది కార్డులతో మొదలుపెట్టి, ఆడుతూనే ఎవరి పేక వాళ్లు కట్టుకుంటారు. దాంట్లో చాపెల్ అనే చవక కార్డు ఒకటుంది. అది చేసే పనల్లా చేతిలోంచి నాలుగు కార్డుల వరకూ శాశ్వతంగా పారేయించడమే. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని కన్నెత్తి చూడరు. ఆరితేరినవాళ్లు ముందు దానికోసమే చెయ్యి చాస్తారు.

ఈ రెండింటినీ కలిపి అమెరికాలో ఆంథొనీ జొవనెట్టి, కేసీ యానో అనే ఇద్దరు చేసిన ఆటే స్లే ద స్పైర్. 2017లో జనం చేతికొచ్చింది, 2019లో పూర్తయింది. అందులో ఐరన్‌క్లాడ్ అనే యోధుడికి మొదట పది కార్డులిస్తారు. అయిదు కొట్టడానికి, నాలుగు కాచుకోవడానికి, ఒకటి గట్టి దెబ్బ. వంతుకి అయిదు కార్డులు చేతికొస్తాయి. పది అయిపోతే మళ్లీ కలుపుతారు. అంటే ఆ గట్టి దెబ్బ రెండు వంతులకోసారి తప్పకుండా దొరుకుతుంది. మామూలు పోరు గెలిచాక మూడు కార్డులు చూపించి ఒకటి తీసుకోమంటారు. అన్నీ మంచివిగానే కనిపిస్తాయి. ఆశకొద్దీ ఇరవై చేర్చుకుంటే పేక ముప్ఫై అవుతుంది, అదే దెబ్బ ఆరు వంతులకోసారి గానీ రాదు. ఈలోగా మనవాడి ప్రాణం పోతుంది. అక్కడి అంగట్లో పనికిరాని కార్డు ఒకటి తీయించుకోవాలంటే 75 బంగారు నాణేలు ఇచ్చుకోవాలి, రెండోసారికి 100. వదిలించుకోవడానికి మనమే ఎదురు డబ్బివ్వాల్సిన అంగడి నేను ఇంకెక్కడా చూడలేదు.

2024లో వచ్చిన 'బలాట్రో' మనకి ఇంకా దగ్గరిది, ఎందుకంటే అందులో ఉన్నది మనకి తెలిసిన 52 ముక్కలే. మొదటి గడప దాటాలంటే 300 పాయింట్లు కావాలి. ఆఠీనులో ఆసు, రాజు, తొమ్మిది, ఆరు, మూడు వేశాననుకోండి. ఒకే రంగుకి 35, ముక్కల విలువ 39, కలిపి 74. దాన్ని ఒకే రంగుకిచ్చే హెచ్చింపు నాలుగుతో హెచ్చిస్తే 296. నాలుగు తక్కువ! ఇంకో చెయ్యి వేసి గట్టెక్కాక, అంగట్లో మామూలు జోకరొకటి కొంటే హెచ్చింపు నాలుగు కాస్తా ఎనిమిదవుతుంది. అవే అయిదు ముక్కలు ఇప్పుడు 592. ఎనిమిదో అంచె చివరి గడప మామూలుగా లక్ష. 296 దగ్గర తడబడినవాడు లక్ష ఎలా దాటతాడు? జోకర్లు నూట యాభై రకాలున్నాయి, పెట్టుకోవడానికి చోటు మొదట అయిదింటికే. ఆరోది కావాలంటే ఒకటి అమ్ముకోవాలి. అంత దూరం మోసుకొచ్చిన జోకరుని అమ్మేటప్పుడు నాకు నిజంగానే చెయ్యి ఆడదు.

మన వైకుంఠపాళిలో పైదాకా వెళ్లినవాణ్ణి అరుకాషుడనే పాము మింగి కిందికి దించేస్తుంది. రోగ్‌లైక్‌లోనూ అలాగే పడతాం. కానీ వైకుంఠపాళిలో మనం చేసిన తప్పంటూ ఏదీ ఉండదు, పందెం అలా పడింది, అంతే. ఇక్కడ ఓడిన ప్రతిసారీ ఓ చోటు వేలుపెట్టి చూపించవచ్చు. శత్రువు తర్వాత ఏం చేయబోతున్నాడో స్లే ద స్పైర్‌లో చాలావరకు వాడి నెత్తిమీదే కనబడుతుంది. అదృష్టం ముక్కలు పంచుతుంది, తప్పు మాత్రం మనదే. 'ఇంకొక్క ఆట' అనిపించేది అందుకే. పైగా ఈసారి అవే కార్డులు రావు, అదే దారి ఉండదు. మొన్న నేర్చుకున్నది బట్టీపట్టినట్టు అప్పజెప్పడం కుదరదు, కొత్తగా వాడుకోవలసిందే.

రమ్మీలో ఇదంతా ఎప్పటినుంచో ఉంది. ముక్కలు చూసుకోగానే దించేస్తే 20, మధ్యలో దించితే 40, పట్టుబడితే 80 దాకా. ఆట ఆడకుండా తప్పుకోవడానికి కూడా ఒక ధర కట్టారు. రమ్మీ కేవలం అదృష్టం ఆట కాదంటూ సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 1968 లా రిపోర్టుల్లో ఉంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడంలో నేర్పుందని న్యాయమూర్తులు కారణం చూపారు. మా మావయ్య ఆ తీర్పు చదివి ఉండడు.

పేకాటంటే ఇళ్లల్లో ఎందుకు భయపడతారో నాకు తెలుసు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లో మన రాష్ట్రం నిషేధించినప్పుడు సంతోషించాను. పందెం కొంపలు ముంచడమే కాదు, ఆటనీ చంపుతుంది. జీతం ఒడ్డినవాడు వింత దారి తొక్కి చూడలేడు. చింతపిక్కలతో ఆడేవాడే ఓడిపోయినా ఫరవాలేదని కొత్త ఎత్తు వేసి చూస్తాడు. బలాట్రోలో పోకర్ లెక్కలున్నాయని ఐరోపాలో ఒక దశలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే అన్నారు. అందులో పందెం కాసే డబ్బు లేదు. 2025లో ఆ హద్దుని పన్నెండేళ్లకి దించారు. అదే న్యాయం.

మొన్న పండక్కి ఫోన్లో స్లే ద స్పైర్ తెరిచి మావయ్య చేతిలో పెట్టాను. కార్డుల మీది ఇంగ్లీషు నేను చదివి చెబుతుంటే ఆయన వేలితో నొక్కుతున్నాడు. మూడో పోరు గెలిచాక మూడు కార్డులొచ్చాయి. ఒక్కోటీ ఏం చేస్తుందో చెప్పించుకుని, కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు చూశాడు.

"ఏదీ వద్దనుకుంటే ఎక్కడ నొక్కాలిరా?" అన్నాడు.