మళ్లా ఎప్పుడొస్తావు?

పార్టీ పనిలో నా చేతికి మొదట వచ్చింది రసీదు పుస్తకం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. విడవలూరు దాటి సముద్రం వైపున్న ఒక పట్టపుపాళేనికి సభ్యత్వాలు రాయించడానికి పోయాను. ఇసుకలో ఒక పెద్దాయన కూర్చుని తెగిన వల బాగు చేసుకుంటున్నాడు. పేరు రాసి, డబ్బు తీసుకుని, రసీదు చించి ఇచ్చాను. దాన్ని మడిచి రొంటిన దోపుకుంటూ ఆయన అడిగాడు: "రాసుకున్నావు, బానే ఉంది అబ్బయా. మళ్లా ఎప్పుడొస్తావు?"

జవాబు చెప్పలేకపోయాను. మళ్లీ వెళ్లాలని నాకెవరూ చెప్పలేదు. మరుసటి ఏడు ఇంటింటికీ తిరిగే పనే లేదన్నారు. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని పేర్లు ఎక్కించెయ్యమన్నారు. నాలుగు పుస్తకాలు అలాగే నింపాను. ఐదోదానికి చెయ్యి ఆడలేదు. పుస్తకం తిరిగిచ్చి ఇంటికొచ్చాను. ఆ పార్టీ పేరు ఇక్కడ అనవసరం. పెద్దాయన ప్రశ్న మాత్రం ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు.

అసలు పార్టీ ఎలా పుడుతుంది, దేనివల్ల నిలుస్తుంది? 1950 జనవరి 26న మన గణతంత్రం మొదలైనప్పుడు రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో 52వ సవరణ చేసి పదో షెడ్యూలు చేర్చినప్పుడే పార్టీలకు అందులో చోటు దొరికింది. అమెరికా రాజ్యాంగమూ వాటి ఊసెత్తలేదు. అధ్యక్ష పదవి నుంచి దిగిపోతూ 1796లో వాషింగ్టన్ పార్టీ తగాదాల గురించి దేశాన్ని హెచ్చరించాడు కూడా. అప్పటికే ఆయన మంత్రివర్గంలో పనిచేసిన హామిల్టన్, జెఫర్సన్ చెరో పక్షమూ కట్టేశారు. పార్టీని ఏ చట్టమూ పుట్టించలేదు. మనుషులే కట్టుకున్నారు. ఎలా కట్టారన్నదాన్ని బట్టే దాని ఆయుష్షు.

మన దగ్గర 1951 సంగతి చూడండి. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఎన్.జి.రంగా ఓడిపోయారు. బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. టంగుటూరి ప్రకాశం కూడా కాంగ్రెస్ వదిలి, కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు నడిచారు. మొదటి సార్వత్రిక ఎన్నికలు తరుముకొస్తున్న రోజులవి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రానివాళ్లు కాడెద్దులనో, గుడిసెనో, కంకి కొడవలినో చూసి కాగితం వేశారు. ఉమ్మడి మద్రాసు శాసనసభలో ఆంధ్ర ప్రాంతానికి 140 స్థానాలుంటే కాంగ్రెస్‌కు 43, కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. మంత్రిగా ఉన్న మన బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి ఓడిపోయారు. మద్రాసు హార్బరులో సాక్షాత్తూ ప్రకాశమే ఓడిపోయారు.

ఆ కొత్త పార్టీల బతుకు కొద్ది ఏళ్లే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం కాంగ్రెస్ అండతోనే ముఖ్యమంత్రి అయ్యారు. 1955 మధ్యంతర ఎన్నికలకు రంగా వర్గం, ప్రజా పార్టీ కాంగ్రెస్‌తో కలిసి ఒకే కూటమిగా నిలబడ్డాయి. 196 స్థానాల్లో 146 గెలిచాయి. గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రంగా, ప్రకాశం సామాన్యులు కారు. ఒకాయన రైతు ఉద్యమానికి పెద్ద దిక్కు, ఇంకొకాయన ఆంధ్రకేసరి. అయినా పై తగాదాలో పుట్టిన పార్టీ పై రాజీతోనే ముగిసింది. ఊళ్లో దానికి వేరు పట్టే వ్యవధి లేకపోయింది.

అదే 1955లో కమ్యూనిస్టులు 15 స్థానాలకు పడిపోయారు. ఓట్లు మాత్రం నూటికి ముప్పైకి పైగా వచ్చాయి. అంత ఓటమిలో అన్ని ఓట్లు నిలిచాయంటే దాని వెనక అలగానిపాడు లాంటి ఊళ్లున్నాయి. మా విడవలూరు పక్కనే ఉన్న ఆ ఊళ్లో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివరి రెడ్డిని తీసేశారు. ఊళ్లో వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. సరసమైన ధరకు సరుకులమ్మే దుకాణం నడిపారు. ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ శాఖ ఏర్పడిన 1934 నాటికి ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటిచ్చేవాళ్లు. కూలీకి ఓటు లేదు. ఓటు లేనివాడి గుమ్మం తొక్కిన మనిషి ఓటు కోసం రాలేదని ఎవరికైనా అర్థమవుతుంది. 1952లో ఆ కూలీ చేతికి మొదటిసారి ఓటు వచ్చినప్పుడు ఆ పార్టీ అతనికి కొత్త కాదు.

కాంగ్రెస్ నిలబడిందీ ఇలాంటి పునాదుల మీదే. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. ఆ కాలపు సభ్యత్వం పావలా. ఆ పావలా కోసం వచ్చిన కార్యకర్త రాట్నం పట్టుకుని మళ్లీ వచ్చేవాడు. నెల్లూరు నుంచి వెలువడిన 'జమీన్ రైతు' వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల గోడును వారం వారం వినిపించింది. సంఘమైనా, పత్రికైనా, ఆశ్రమమైనా చేసిన పని ఒకటే: మళ్లీ మళ్లీ రావడం.

పార్టీ కట్టడం వల అల్లడం లాంటి పని అని నాకిప్పుడు తెలుసు. ప్రతి ముడీ చేత్తో వెయ్యాల్సిందే. జాబితా చూసి నేను రాసిన ఆ నాలుగు పుస్తకాల్లో ఒక్క ముడీ పడలేదు. వాటిలోని మనుషులకు తాము సభ్యులమని కూడా తెలియదు. ఇవాళ మిస్డ్ కాల్‌తో సభ్యత్వం వచ్చేస్తోంది. లక్షలు చేరారని ప్రకటనలు వస్తున్నాయి. ఆ లక్షల మందిలో ఎందరిని సమావేశానికి పిలిచారు, ఎందరికి చందా లెక్క చెప్పారు, అభ్యర్థి ఎవరని ఎందరిని అడిగారు?

అందుకే నాదొక మనవి. ఏ రంగు జెండా పట్టుకుని వచ్చినా సరే, మీ గుమ్మంలో పేరు రాసుకునే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ఇష్టమైతే పేరు రాయించండి. పంపించే ముందు ఆ పెద్దాయన నన్నడిగిన మాటే అడగండి. అతను తేదీ చెబితే, ఆ రోజు ఇంట్లో ఉండండి.