మలుపు తెలిసిన మస్టాంగు

అమెరికా దేశమున మజిల్ కారని పిలువబడు వాహనజాతిని గూర్చి వెలువడు ప్రశంసలన్నియు ఇంజను చుట్టునే ప్రదక్షిణము చేయుచుండుట చూడగా నాకు విసుగు పుట్టుచున్నది. 2011లో మస్టాంగు జీటీకి అమర్చిన అయిదు లీటర్ల కొయోటీ ఇంజను 412 అశ్వశక్తుల నిచ్చుట సత్యమే. కాని యది కర్మాగారమువారి ప్రజ్ఞ, కొన్నవాని ప్రజ్ఞ యందేమున్నది? సెలవుదినమున తన యింటి షెడ్డులో నాలుగు ఉక్కుస్టాండులపై బండి నెత్తి, దాని క్రింద వెల్లకిల పరుండి, తిన్నని దారిలో మాత్రమే విజృంభింప నేర్చిన ఆ బరువైన వాహనమునకు మలుపు తిరుగు విద్య గఱపు గృహస్థుడే నా దృష్టిలో కళావేత్త.

ఈ విద్యకు పెద్దలు లేకపోలేదు. 1964లో మస్టాంగు వెలువడెను. మరుసటి యేడే పందెపుబండ్ల నిర్మాత కారొల్ షెల్బీ దానినే మలచి తన జీటీ 350ని నిర్మించెను. ఫోర్డు ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ లెక్కగట్టిన ప్రకారము, ముందు చక్రములను పట్టియుండు పైచేతుల (కంట్రోల్ ఆర్ముల) ఆధారస్థానమును ఇంచుమించు ఒక అంగుళము క్రిందికి దింపుటయే యందలి రహస్యము: ప్రక్కకు రెండేసి క్రొత్త రంధ్రములు, అంతే! ఆ రంధ్రములతోనే బండి మలుపున నేలను వదలక పట్టుకొన నేర్చెను. ఖర్చు తగ్గింపవలెనని ఆ మార్పును 1966లోనే మానివేసిరట. లెక్కలు వ్రాయువారి బుద్ధి యెల్లయెడల నొక్కటే. కెన్ మైల్స్ అనెడి మహాచోదకుడు ఆ బండితో 1965 ఫిబ్రవరిలో, నేడు తెలుగువారు మెండుగా కాపురముండు డాలసు–ఫోర్ట్‌వర్త్ ప్రాంతమునందలి గ్రీన్ వ్యాలీలో, మొదటి పందెమునే గెలిచెను. పోటీబండి యైన షెవ్రొలే కమారో పక్షమువారు తమ చోదకుడు మార్క్ డొనొహ్యూ 1968, 1969 సంవత్సరముల ట్రాన్స్-యామ్ పందెముల విజయములను ఏకరువు పెట్టుదురు. పెట్టనిండు, ఆయనకు నేనును చేతులు జోడింతును. 1970లో బడ్ మోర్ సిద్ధపఱచిన బాస్ 302 మస్టాంగులు పార్నెల్లీ జోన్స్ మున్నగువారి చేతులలో ఆ కిరీటమును ఫోర్డునకు తెచ్చిన సంగతి మాత్రము వారి నోట వెలువడదు.

ఇక నేటి మాట. 2005 మొదలు 2014 వఱకు వచ్చిన మస్టాంగుల వెనుకభాగమున రెండు చక్రములను కలుపు ఏకదండమైన ఇరుసు గలదు. దానిని మోటు పనియని యెగతాళి చేయువారు పెక్కురు. నేనైతే ఇంటిపనివానికి ఇంతకంటె ఉపకారియైన నిర్మాణము లేదందును. ఆ ఇరుసు ప్రక్కలకు జరుగకుండ పాన్‌హార్డ్ కడ్డీ యొకటి అడ్డముగా పట్టియుంచును. దాని యొక కొన బండిచట్రమునకు, వేఱొక కొన ఇరుసునకు బిగింపబడియుండును. స్ప్రింగులు మార్చి బండిని తగ్గించినంతనే, పొడవు మారని ఆ కడ్డీ మునుపటికంటె అడ్డముగా వాలి ఇరుసునంతను ఒక ప్రక్కకు నెట్టివేయును. నేర్పరి యేమి చేయునన, కొలత మార్చుకొనుటకు వీలైన మరకడ్డీని తెచ్చి, తాపీమేస్త్రీ గోడ నిలువు చూచునట్లు మడ్‌గార్డు అంచునుండి గుండుదారము వ్రేలాడదీసి, ఇరుప్రక్కల టైరునకు దారమునకు గల యెడము సమమగువఱకు మరను త్రిప్పుచుండును. చూచుటకు సామాన్యము, ఆ ఓర్పు ఎందఱికి గలదు?

అంతకంటె సూక్ష్మమైన దింకొకటి. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగనే కంట్రోల్ ఆర్ముల బోల్టులను బిగించినచో, బుష్‌లోని రబ్బరు ఆ భంగిమయందే బంధింపబడి, బండి నేలకు దిగిన క్షణము మొదలు నిరంతరము మెలిపడియుండి, అనతికాలముననే చిరిగిపోవును. ఆఱితేరినవాడు బోల్టులను వదులుగానే యుంచి, చక్రముల క్రింద దిమ్మెలు పెట్టి, బండి బరువంతయు వానిపై నిలిచిన పిదపనే టార్క్ రెంచితో నిర్ణీతమైన బిగువు వఱకు బిగించును. చూచువారు మెచ్చుకొనుటకు వీలులేని చోట చేసిన పనికే నేను తలవంతును.

మార్పుల వరుసలో టైర్లు, బ్రేకులు మొదట; అటుపై షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు; అశ్వశక్తి కట్టకడపట. పాత బ్రేకు నూనె తేమను పీల్చుకొని, వేడికి మరిగి, వరుస మలుపులలో పెడలును మెత్తబఱచును గాన దానిని మార్చకుండ ఇంజనుజోలికి పోవుట అవివేకము. 2012లో వచ్చిన క్రొత్త బాస్ 302ను చూడుడు: 444 అశ్వశక్తులు గల ఆ బండి షాక్ అబ్జార్బర్లను ముందువానిని బానెట్టు క్రిందను, వెనుకవానిని డిక్కీలోను, మామూలు స్క్రూడ్రైవరుతో అయిదు మెట్లలో గట్టిపఱచుకొనవచ్చును! కర్మాగారమే ఇంటిపనివాని హస్తమును గౌరవించిన అపురూప ఘట్టమది.

ఇట్టి విద్యకు నేడు పట్టిన దుర్గతి చెప్పుటకు నోరాడదు. బండి నేలకు తాకుచున్నట్లు కనబడిన చాలునని, ఉన్న స్ప్రింగునే రంపపుయంత్రముతో కోసివేయువారును, మంటతో కాల్చి కుంగదీయువారును బయలుదేరిరి. కాల్చిన ఉక్కు పదును పోవును. కోసిన స్ప్రింగుపై కూర్చున్న బండి చిన్న గుంతకే రబ్బరు అడ్డులపై మోది, మలుపు నడుమ పట్టుతప్పును. దీనికి తోడు పేరుపొందిన కంపెనీల ముద్రలు వేసి అమ్ము నకిలీ చక్రములు, నకిలీ బ్రేకుప్యాడ్లు! ఛాయాచిత్రమునకు అసలును నకిలీయు నొక్కటే. గంటకు నూఱు మైళ్ల వేగమున బ్రేకు త్రొక్కినపుడు గదా భేదము తెలియుట! ఇది పొదుపు కాదు, ప్రాణములతో జూదము.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో తొలి మస్టాంగు కొనిన తెలుగు సోదరులారా, ఇంజనుకు సూపర్‌ఛార్జరు బిగించుటకు కూడబెట్టిన డబ్బును ఒక యేడు అట్లే యుంచుడు. మంచి టైర్లు కొనుడు, టార్క్ రెంచి యొకటి కొనుడు, జాకీని నమ్మక స్టాండులు పెట్టి బండి క్రిందికి పోవుడు. రంపపుయంత్రముతో వచ్చు మిత్రుని మాత్రము గుమ్మముననే కాఫీ యిచ్చి పంపివేయుడు.