చెరువులో వెలసిన పేట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మద్రాసు త్యాగరాయనగరం మొదటి పనికోసం పుట్టి, రెండో పనిలో స్థిరపడింది. పట్టుచీరలకీ నగలకీ వెళ్ళేవాళ్ళే తప్ప, అక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళెందరు చెప్పండి?

ఇది తనంతట తాను పెరిగిన పేట కాదు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చాక, జస్టిస్ పార్టీ హయాంలో మాంబళం చెరువు పూడ్చి, నక్షా గీసి మరీ కట్టిన పేట. పేరు పిట్టి త్యాగరాయచెట్టిగారిది. నడిమధ్య పార్కు పానగల్ రాజా రామరాయణింగారిది. ఇద్దరూ మనవాళ్ళే. జి.ఎన్. చెట్టి, ఉస్మాన్, డాక్టర్ నాయర్... రోడ్లన్నీ తిరిగొస్తే ఆ పార్టీ చరిత్ర సగం చదివినట్టే.

నక్షాలో అందముంది, కాదనను. నడుమ పార్కు, అన్నివైపుల నుంచీ అక్కడికే వచ్చే రోడ్లు, ఇంటిముందు వరండా, చుట్టూ చెట్టూచేమా. బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావుగారి ఇల్లూ, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాలగారి ఇల్లూ తెలుగువాళ్ళకి యాత్రాస్థలాలే. సినిమా వేషానికొచ్చి ఇల్లు దొరకని కుర్రాళ్ళకి పానగల్ పార్కు బెంచీయే విలాసం. ఇల్లు లేనివాడికి కూడా కాస్త చోటిచ్చిన నక్షా అది!

మరి చిక్కెక్కడ? ఆ అందంలోనే. రోడ్లన్నీ ఒకచోట కలిస్తే గాలికొచ్చేవాడితోపాటు బేరానికొచ్చేవాడూ అక్కడికే వస్తాడు. 1931లో ఎలక్ట్రిక్ రైలు మాంబళం స్టేషన్‌లో జనాన్ని దింపడం మొదలెట్టింది. ఇక వరండాలు దుకాణాలయ్యాయంటే, తప్పంతా వ్యాపారులదేనా? బజారు ఆ నక్షాలోనే దాక్కునుంది. 2019లో పాండీ బజారులో నడిచేవాళ్ళకి విశాలమైన బాట వేశారు. మంచిదే. అయితే అదీ బజారుకి చేసిన మర్యాదే, ఇళ్ళకి కాదు.

అంతకన్నా పెద్దలోపం మరొకటి. మనుషులు ఎటు నడవాలో గీసినవాళ్ళు, నీళ్ళెటు పోవాలో అంత శ్రద్ధగా గీయలేదు. చెరువంటే ఖాళీస్థలం కాదండీ, వానకి సొంతిల్లు. 2015లోనూ, 2021లోనూ కుంభవృష్టి కురిసినప్పుడు ఆ వీధులు మళ్ళీ చెరువయ్యాయి. నీళ్ళు ఇళ్ళలోకొచ్చాయని అందరూ వాపోయారు. ముందొచ్చింది ఎవరో నీళ్ళనడిగితే తెలిసేది.

ఇంటికి వాస్తు చూస్తాం. పేటకి చూడవలసిన మొదటి వాస్తు పల్లం.