రాయల తీర్పు తప్పిన చోట

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు దాటి పడమటికి సాగితే ఉదయగిరి దుర్గం ఎదురవుతుంది. కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల మీదికి ఎత్తిన దండు మొదట ఆగింది ఇక్కడే. 1513లో మొదలైన ముట్టడి నెలల తరబడి సాగింది. 1514లో గానీ కోట చేజిక్కలేదు. దుర్గాన్ని కాపాడిన తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్లి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. కోటను చేరే దారి కోసం పెద్ద పెద్ద బండలను పగలగొట్టించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసి పెట్టాడు.

రాయలంటే తెలుగువాళ్లకు ప్రాణం. మనలో చాలామందికి ఆయన రూపమూ మాటా పాఠ్యపుస్తకం కన్నా ముందు సినిమాలోనే పరిచయమయ్యాయి. ‘మల్లీశ్వరి’ (1951), ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962), ‘ఆదిత్య 369’ (1991). ఈ నాలుగూ రాయల కాలాన్ని చూపినవే. అయినా వీటిలో ఏదీ ఉదయగిరి ముట్టడిని తన కథగా ఎంచుకోలేదు. అన్నీ రాయల విజయాలను పక్కకు జరిపి, ఆయన పొరబడిన ఘడియను పట్టుకున్నాయి. రాజును ప్రేమిస్తూనే తప్పును తప్పని చెప్పడం మన పాత చారిత్రక చిత్రాల గొప్పతనం.

పల్లకి వచ్చిన రోజు

బి.ఎన్.రెడ్డి వాహినీ సంస్థకు తీసిన ‘మల్లీశ్వరి’లో యుద్ధం లేదు. ఒక పల్లె, బావామరదళ్లు నాగరాజు, మల్లి, ఆస్తి మీద ఆశ తీరని మల్లి తల్లి ఉన్నారు. వాన కురిసిన రాత్రి మారువేషంలో ఉన్న రాయల ముందు నాగరాజు నవ్వులాటకు ఒక మాట అంటాడు. ఆ మాట పట్టుకుని రాణివాసపు పల్లకి మల్లి ఇంటి ముందు దిగుతుంది. పల్లకి రావడం ఊరికి గౌరవం, తల్లికి సంపద. మల్లికి మాత్రం అది చెర. బావను కలుసుకుంటే మరణశిక్ష పడే చెర. రాజు ఎవరికీ కీడు తలపెట్టలేదు. అయినా రెండు బతుకులు ఛిద్రమయ్యాయి. అధికారం చేతిలో దయ కూడా ఎంత ప్రమాదమో ఇంత మెత్తగా చెప్పిన సినిమా మనకు మరొకటి లేదు.

ఆ మెత్తదనం వెనక గట్టి పనితనం ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం ఇదే మొదలు. పల్లెలో మాట వాడుకగా, చనువుగా సాగుతుంది. కొలువు దగ్గరికి వచ్చేసరికి అదే మాట బిగుసుకుంటుంది. సాలూరు రాజేశ్వరరావు బాణీలు కాలం గడవడాన్ని, ఎదురుచూపును, ఎడబాటును సంభాషణ అక్కర్లేకుండా వినిపిస్తాయి. ఎ.కె.శేఖర్ వేసిన సెట్లలో రాతి శిల్పమే విజయనగరాన్ని నిలబెడుతుంది.

సినిమా విడుదలైన 1951 డిసెంబరులో దేశమంతా తొలి సార్వత్రిక ఎన్నికల సందడిలో ఉంది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో వెంకటగిరి సంస్థానమూ అందులోనే పోయింది. దివాణం నుంచి కబురు వస్తే వణికిన ఊళ్లు ఆ పల్లకిని ఊరికే చూసి ఉండవు. పదహారో శతాబ్దపు కథలో తమ నిన్నటి బతుకును చూసుకుని ఉంటాయి.

అప్పాజీ కళ్లు

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ‘మహామంత్రి తిమ్మరుసు’ ఉదయగిరితో మొదలైన వైరం చివర్లోకి మనల్ని తీసుకెళ్తుంది. గజపతి కూతురితో రాయల పెళ్లి, దాని చాటున కుట్ర, పసివాడైన యువరాజు మరణం, నేరం మంత్రి తిమ్మరుసు మీద పడడం, ఆయన కళ్లు తీయించడం ఇందులోని కథ. నమ్మిన తండ్రిలాంటి మనిషినే రాజు శిక్షించాడు. నిజం తెలిశాక పశ్చాత్తాపం మిగిలింది గానీ చూపు తిరిగి రాలేదు.

చరిత్రకూ సినిమాకూ తేడా తెలుసుకోవలసిన చోటు ఇదే. తిమ్మరుసు కళ్లు తీయించిన కథకు ముఖ్యమైన ఆధారం నూనిజ్ రాతే. అందులో అనుమానం తిమ్మరుసు కుటుంబం మీదే పడింది. పింగళి నాగేంద్రరావు రచన మంత్రిని నిర్దోషిగా నిలిపి, కుట్రను శత్రువుల వైపు మళ్లించింది. ఆ మార్పుతో మంత్రి కథ అన్యాయానికి గురైన ప్రతి నిజాయతీపరుడి కథ అయింది.

గుమ్మడి నటన ఆ భారాన్ని మోసింది. రాయలుగా వేసిన ఎన్టీఆర్ 1923లో పుట్టారు, రాయలు ‘అప్పాజీ’ అని పిలిచే తిమ్మరుసుగా వేసిన గుమ్మడి 1927లో. తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడికి తండ్రి వరస కావడానికి గుమ్మడి గొంతు పెంచలేదు. నడకలో నిదానం, మాటకు ముందు చిన్న విరామం, చూపులో వాత్సల్యం, వీటితోనే వయసును తెచ్చుకున్నారు. అందుకే ఆ కళ్లు పోయినప్పుడు ప్రేక్షకుడికి సొంత ఇంటి పెద్దకు జరిగినట్టు ఉంటుంది. తెలుగులో ఉత్తమ చిత్రంగా దీనికి రాష్ట్రపతి రజత పతకం దక్కింది.

అంతకుముందే బి.ఎస్.రంగా తీసిన ‘తెనాలి రామకృష్ణ’లో నర్తకి కృష్ణసాని మోజులో రాయలు రాజ్యాన్ని మరిస్తే, ఆయనను దారికి తెచ్చే పని కవి నెత్తిన పడింది. పొగడ్తతో బతకవలసిన కవి పాలకుడికి ఎదురు నిలవడమే అక్కినేని పాత్రకు జీవం.

ఉదయగిరి బిడ్డ కాలయంత్రం

‘ఆదిత్య 369’ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1931లో ఉదయగిరిలోనే పుట్టారు. ‘మాయాబజార్’ రోజుల్లో కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్నారు. నేటి యువకుణ్ణి కాలయంత్రంలో 1526కు పంపి, రాయల కొలువులో నిలబెట్టారు. అక్కడా అంతే. చేయని వజ్రం దొంగతనానికి అతడికి మరణశిక్ష పడుతుంది. కథానాయకుడు, రాయలు ఇద్దరూ బాలకృష్ణే కావడం వల్ల నేటి మనిషి తన ముఖమే ఉన్న గతం ముందు తలవంచి తీర్పు వింటున్నట్టు ఉంటుంది. పాత వస్తువులను దొంగిలించి సొంతం చేసుకునే సంపన్నుడు ఇందులో ప్రతినాయకుడు. గుప్తనిధుల ఆశతో గుడులనూ కోటలనూ తవ్విపోసే వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ హెచ్చరికకు కాలం చెల్లలేదు.

ఈ సినిమాలు చరిత్ర పుస్తకాలకు బదులు కావు. తేదీలు, శాసనాలు, మసీదులు, కూలిన మండపాలు కొండ మీదే చదువుకోవాలి. విజయనగరం తర్వాత గోల్కొండ వాళ్లూ ఏలిన దుర్గమిది. ఒక్క రాజు కథలో ఇమడదు. అయితే శాసనం విజయాన్ని చెక్కుతుంది గానీ బండలు కొట్టిన చేతుల గురించి చెప్పదు. శిల్పి నాగరాజును కథానాయకుణ్ణి చేసిన ‘మల్లీశ్వరి’ ఆ ఖాళీని ఊహతో పూరించింది.

అందుకే ఉదయగిరి, ఆత్మకూరు బడుల్లో ఈ సినిమాలు వేయాలి. పక్కనే నూనిజ్ రాతనూ, శాసనాల పాఠాన్నీ పెట్టాలి. ఏది జరిగింది, ఏది కల్పించారు, ఎందుకు కల్పించారు అని పిల్లల చేత అడిగించాలి. ఆ తర్వాత కొండ ఎక్కించాలి. రాయలంతటి రాజు కూడా పొరబడ్డాడని, ఆ మాట చెప్పడం ద్రోహం కాదని సినిమా నుంచి నేర్చుకున్న పిల్లలు రేపు ఏ పాలకుణ్ణయినా భయం లేకుండా ప్రశ్నించగలరు. తెలుగు చారిత్రక చిత్రం మనకిచ్చిన అసలు చదువు అది.