మూత తీయకుండా తెలియాలి

మా వంటింట్లో ఒకేలాంటి స్టీలు డబ్బాలు ఆరున్నాయి. ఓసారి వాటికి ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలంటించి మురిసిపోయాను. నేను ఊళ్ళో లేనినాడు మా అమ్మాయి రవ్వ కోసం ఆరు మూతలూ తీసిందట. "పెట్టినదానివి నీకు తెలిస్తే చాలా అమ్మా? వెతుక్కునేవాళ్ళకు తెలియొద్దూ!" అంది.

ఆ మాట మొన్న చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే బస్సులో గుర్తొచ్చింది. వెనక సీట్లో ఇద్దరాడవాళ్ళు. "మాది ట్రిపుల్ వన్‌ల ఉన్నది" అని ఒకామె. "మేమప్పట్ల ముప్పై మూడు పెట్టినం" అని రెండో ఆమె. కొత్తవాళ్ళెవరైనా వింటే లెక్కల పాఠమనుకుంటారు!

మొదటిది 1996 నాటి 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టింది. ఏళ్ళ తరబడి దానికింద బతికి, ఆ అంకెకు అర్థం ఊళ్ళవాళ్ళే నేర్చుకున్నారు. రెండోది, 2020లో వచ్చిన ధరణిలో పాసుబుక్కు తప్పులు దిద్దే టీఎం-33. వాకిలికి భూదేవి పేరు, లోపలి గదికి అంకె!

మనకు మాటలు లేకనా? ఆంధ్రలో అడంగల్ అంటే, తెలంగాణలో పహాణీ అంటే ముసలవ్వకైనా తెలుసు. భర్త పోయిన ఇల్లాలు "విరాసత్ చేయించాలె" అనే అడుగుతుంది. ఆ మాట పలక మీద కనిపించకపోతే, ఆమె ఎవరో మధ్యవాడి చేతికి కాగితాలివ్వాల్సిందే. పేరు అర్థం కాకపోవడమంటే ఇదీ. భాషాభిమానం గొడవ కాదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు తోటివాళ్ళు వాడుకునేందుకు పేర్చిపెట్టే సరుకునీ లైబ్రరీ అనే అంటారు. అక్కడా తగువు పేర్లతోనే. "సరిచేయి" అంటే చాలదు. సరిచేసేది పేరునా, విస్తీర్ణాన్నా?

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 33 మాడ్యూళ్ళను 6 చేశామన్నారు. డబ్బాలు తగ్గడం మంచిదే. కానీ నా లెక్కలో పరీక్ష ఒక్కటే: బస్సులోని ఆ ఇద్దరూ ఎవరినీ అడక్కుండా తమ గడి తాము పట్టుకోగలగాలి.

ఇంటికొచ్చి అంకెలన్నీ పీకేసి పేర్లు రాశాను. రెండో డబ్బా మీద "రవ్వ" అని అంటిస్తుంటే మా అమ్మాయి వెనకనుంచి అడిగింది:

"బొంబాయి రవ్వా, ఇడ్లీ రవ్వా?"