చీలమండ మీది ఒర

తుపాకీని చూసి మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉంటారు. దాన్ని మోసే తోలు ఒరను తిరగేసి కుట్టు చూసేవాళ్లు తక్కువ. హోల్‌స్టర్లన్నిటిలోనూ నాకు గొప్ప పనితనం కనిపించేది కాలికి కట్టుకునే దానిలోనే. నడుము ఒరకు బెల్టు ఆసరా, తుంటి ఎముక ఆసరా ఉంటాయి. చీలమండ దగ్గర సన్నటి ఎముక, పల్చటి చర్మం, అడుగడుక్కీ ఊపు. అక్కడ అరకిలో లోహాన్ని జారకుండా, ఒరుసుకోకుండా నిలబెట్టాలి.

అరకిలో అని ఊరికే అనలేదు. 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ బరువు 500 గ్రాములు. టైటానియం మిశ్రమలోహం, .32 బోరు, ఆరు తూటాలు, పొడవు 177.8 మిల్లీమీటర్లు. .38, 9 ఎంఎం బోర్లు మామూలు లైసెన్సుదారుకు దొరకవు కాబట్టి, ఒడిశా గంజాం జిల్లాలోని మన పాత్రపూర్ మనిషికి జిల్లా కేంద్రమైన ఛత్రపూర్‌లో లైసెన్సు మంజూరైతే కాలి ఒరలో పట్టేది ఇలాంటి .32 ఆయుధమే. పైగా 2016 ఆయుధ నియమాల ప్రకారం, నలుగురిలోకి వెళ్లేటప్పుడు చేతితుపాకీ దానికోసం చేసిన ఒరలో పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. పెళ్లి ఊరేగింపులో అందరికీ కనబడేలా నడుముకు వేలాడదీసుకోవడం నియమానికి విరుద్ధం. దాచి మోయడమే ఇక్కడ మర్యాద.

ఇక పనితనంలోకి వద్దాం. ఒరకు వాడే తోలు చెట్ల బెరడుతో పదును చేసినదై ఉండాలి. క్రోమియం ఉప్పులతో చేసిన తోలు మెత్తగా, అందంగా ఉంటుంది కానీ ఇచ్చిన ఆకారాన్ని నిలుపుకోదు. బెరడు తోలు అలా కాదు. నీళ్లలో నానబెట్టి, తుపాకీ అచ్చు మీద పరిచి, బొటనవేలితో, ఎముక పనిముట్టుతో నొక్కుకుంటూ పోతే సిలిండరు ఉబ్బు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ వంపు తోలు మీద తేలతాయి. నీడలో ఆరాక ఆ ఆకారం గట్టిపడి అలాగే ఉండిపోతుంది. సగం పట్టు ఆ వంపులదే, పట్టీ తర్వాతి సంగతి.

తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందల్లో తోళ్లు నానబెట్టి ఇలాంటి సరుకును తరతరాలుగా తీసింది మన మాదిగ పనివారు. వాళ్లది రసాయన శాస్త్రమని ఊరు ఏనాడూ ఒప్పుకోలేదు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మద్రాసు కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరై తోలు పనిని దేశంలో పెద్ద శాస్త్రంగా నిలబెట్టారు. మంచి ఒర చేతికొచ్చినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు, ఆ పేరులేని పనివారూ, ఆ శాస్త్రవేత్తా.

కుట్టు చూడండి. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడొస్తుంది. చేతి కుట్టులో ఆరెతో ముందు రంధ్రం పొడిచి, మైనం పట్టించిన ఒకే దారం రెండు కొసలకూ సూదులు ఎక్కించి, రెండు వైపుల నుంచీ అదే రంధ్రంలో దూరుస్తారు. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ దగ్గర కుట్టు బిగువు తప్పకూడదు. అక్కడ తోలు మెత్తబడి లోపలికి మడత పడితే ప్రాణాంతకం.

కాలికి తగిలే వైపు గొర్రె ఉన్ని పొర వేస్తారు. చెమట పీల్చడం, ఒరుపు తప్పించడం దాని పని. బరువు చీలమండ మీదే పడకుండా పిక్క కింద రెండో పట్టీ ఉంటుంది. ఒకే పట్టీతో వచ్చేవి చవక, కానీ నాలుగడుగులకే కిందికి జారతాయి. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలి లోపలి వైపు కడతారు. బయటి వైపు కడితే గుమ్మాలకూ, కుర్చీ కాళ్లకూ తగులుతుంది.

దీని లోపమూ చెప్పాలి. నిలబడి తీయడం కష్టం, మోకాలు వంచాల్సిందే. అందుకే పోలీసులు దీన్ని రెండో తుపాకీకే వాడుతూ వచ్చారు. నేలకు దగ్గర కాబట్టి దుమ్ము ఎక్కువ పడుతుంది. గంజాం తీరపు ఉప్పుగాలిలో తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఇత్తడి తూటాలకు చిలుము పడుతుంది. ఎంత మంచి ఒరైనా ఇంటికి రాగానే తుపాకీని బయటికి తీసి, తూటాలు దించి, తుడిచి, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. ఒరను విడిగా గాలి తగిలేచోట ఆరబెట్టాలి.