భుజం మీది అక్షరాలు: రెండు పాత డైవింగ్ సిలిండర్లు

గోదావరిలో మనిషి గల్లంతైతే మా ఆలమూరు, జొన్నాడ రేవుల్లో మొదట పిలిచేది గజఈతగాళ్లనే. సిలిండరు కట్టుకుని అడుగుకు దిగే డైవర్ల గురించి మా వాళ్లు ఎక్కువగా మాట్లాడుకున్నది 2019లో. సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి లాగేదాకా రోజూ అదే మాట. ‘ఆక్సిజన్ సిలిండర్లు’ అనేవారు అందరూ. నిజానికి వాటిలో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, బాగా కుదించి నింపింది. ఒట్టి ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటి దిగితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పేరే తప్పు పలికేవాళ్లం, పాత సిలిండరు మంచిచెడ్డలు ఎలా తెలుసుకుంటాం? అందుకే రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1950ల నుంచి అమెరికా డైవర్లు మోసిన ‘స్టీల్ 72’. రెండోది 1970లలో వచ్చి దాని చోటు ఆక్రమించిన ‘అల్యూమినియం 80’.

ముందు రూపం. స్టీలుకు అయస్కాంతం అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. స్టీలుది గుండ్రటి అడుగు, నిలబడాలంటే రబ్బరు తొడుగు కావాలి. అల్యూమినియం చదునైన అడుగుతో తనంతట తానే నిలబడుతుంది. ఆ రబ్బరు తొడుగు తీయకుండా స్టీలును మెచ్చుకోకూడదు. నీరు నిలిచి తుప్పు పట్టేది దాని కిందే.

తర్వాత భుజం, అంటే మెడ కింది వంపు, మీది అక్షరాలు. స్టీలు మీద ‘3ఏఏ 2250’, అల్యూమినియం మీద ‘3ఏఎల్ 3000’ అని ఉంటుంది. చివరి సంఖ్య, నింపదగిన ఒత్తిడి పీఎస్ఐలలో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో. ముందు ‘ఐసీసీ’ అని ఉంటే సుమారు 1970కి ముందుది, ‘డీఓటీ’ అని ఉంటే ఆ తర్వాతది. స్టీలు మీద పరీక్ష తేదీ పక్కన కూడిక గుర్తుంటే పది శాతం అదనంగా, అంటే 2475 దాకా నింపవచ్చు. అప్పుడే దానికి 71.2 ఘనపుటడుగుల గాలి పడుతుంది. ఎనభై అని పిలిచే రెండోదానికి పట్టేది 77.4. పేర్లు రెండూ కాస్త పెంచి చెప్పినవే.

తేదీ దగ్గర మనవాళ్లు పొరబడే అవకాశం ఉంది. వంటింటి గ్యాస్ బండ మీద ‘బి-27’ అంటే 2027 ఏప్రిల్–జూన్ నాటికి పరీక్ష చేయించాలని. డైవింగ్ సిలిండరు మీది తేదీ జరిగిపోయిన పరీక్షది. అమెరికా పద్ధతిలో అక్కడి నుంచి అయిదేళ్లు లెక్కపెట్టుకోవాలి.

అసలు తేడా జబ్బులో ఉంది. స్టీలు శత్రువు తుప్పు. తడి గాలి నింపి ఏళ్ల తరబడి మూలన పడేస్తే ఆ తుప్పు లోహాన్నే కాదు, లోపలి గాలిలోని ఆక్సిజన్‌నూ తినేస్తుంది. పీల్చినవాడు ఉక్కిరిబిక్కిరి కాకుండానే స్పృహ తప్పుతాడు. అయినా వాల్వు విప్పి దీపం వేసి చూస్తే ఆ తుప్పు కంటపడుతుంది. అల్యూమినియం లోపల తళతళలాడుతూనే ఉంటుంది. కానీ లక్స్‌ఫర్ సంస్థ అమెరికాలో 1988 దాకా వాడిన 6351 మిశ్రలోహపు సిలిండర్లలో కొన్నిటికి మెడ దగ్గర, మరచుట్లలో, సన్నని పగుళ్లు పుట్టాయి. కొన్ని నింపుతుండగానే పేలాయి. అన్నీ పగలవు, నిజమే. పగిలేది ఏదో తేల్చడానికి మాత్రం కన్నొక్కటే చాలదు, లోహంలో విద్యుత్ సుడులు పుట్టించి పగుళ్లు పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష కావాలి. తర్వాత వచ్చిన 6061 లోహానికి ఈ జబ్బు లేదు.

నీటిలో నడత చూస్తే స్టీలుదే పైచేయి. గాలి అయిపోయాక కూడా అది ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. ఖాళీ అయిన అల్యూమినియం పైకి తేలాలని చూస్తుంది. దాన్ని అణచడానికి నడుముకు అదనంగా సీసం కట్టుకోవాలి. మా గోదావరి పాయ గౌతమి మంచినీటిలో ఆ తేలిక కాస్త తగ్గుతుందే గాని పోదు. కానీ పాత స్టీలుతో తరచూ వచ్చే ‘జే’ వాల్వును నమ్మలేం. మూడు వందల పీఎస్ఐ దాచిపెట్టి, కమ్మీ లాగితే వదిలే ఏర్పాటది. ఆ కమ్మీ ఎక్కడో తగిలి ముందే కిందికి జారితే దాచిన గాలి మనకు తెలియకుండానే ఖర్చయిపోతుంది. ప్రెజర్ గేజి లేకుండా దిగకూడదు.

నా తీర్పు ఇది. స్టీలు వయసుకు భయపడనక్కర్లేదు. పరీక్షలో నెగ్గితే అరవై ఏళ్లదైనా పనికొస్తుంది, దాని ఒత్తిడి దాటి నింపకపోతే. 3000 కొట్టే కంప్రెసరు ఉంది కదా అని 2250 సిలిండరును అంతదాకా నింపడం నేరం. 6351 అల్యూమినియాన్ని మాత్రం, ఎంత మెరిసినా, నేను నీళ్లలోకి దింపను. ఇక మన దేశంలో రెండింటికీ ఒకటే షరతు. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం లేనిదాన్ని నింపకూడదు.

ఎవరి బిడ్డనో వెతకడానికి ఏటి అడుగుకు దిగే మనిషి తన ఊపిరిని ఆ లోహం చేతిలో పెట్టి దిగుతాడు. అతని వీపుకు సిలిండరు కట్టేవారు ముందు దాని భుజం మీది అక్షరాలు చదవాలి. చదవడానికి రాకపోతే, అక్షరాలు చెరిగిపోతే, దాన్ని ఒడ్డునే ఉంచాలి.